తెల్ల అక్షరాలు

"ఇక్కడ కిరీటి అంటే ఎవరండీ?"

వాన అప్పుడే మొదలైంది. మా నెట్ సెంటర్ గుమ్మంలో గొడుగు మడుస్తూ ఒకమ్మాయి నిలబడింది. మంచి కోపం మీద ఉంది. అంత కోపంలోనూ చెప్పులు బయటే విప్పి లోపలికొచ్చింది. అది నాకు నచ్చింది.

"నేనేనండీ. బ్రౌజింగా, ప్రింటవుటా?"

"దొంగతనం."

ఆరు సిస్టముల ముందు కూర్చున్న ఆరుగురూ నా వైపు తిరిగారు. 2007 ఆగస్టు నెలాఖరు. విజయవాడ గవర్నర్‌పేటలో నాకంటూ ఒక నెట్ సెంటరు, దాని మీద 'వెబ్‌సైట్లు చేయబడును, గూగుల్లో మొదటి పేజీకి తేబడును' అని ఎర్రటి బోర్డు. ఆ బోర్డు కట్టిన ఏడాదిలో నన్నెవరూ దొంగ అనలేదు.

ఆమె నా కుర్చీలోనే కూర్చుని, అడక్కుండానే మా మావయ్య తిరుపతిరావు పచ్చళ్ల కొట్టు సైటు తెరిచింది. వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్ల కొట్టు అది. ఆవకాయ, గోంగూర, మాగాయ. మావయ్య ఇంట్లో ఏం తిన్నా, కొట్లోకి మాత్రం కోడిగుడ్డు కూడా రానివ్వడు.

పేజీ అడుగుదాకా వెళ్లి ఆగింది. "ఇక్కడ ఏముందండీ?"

"ఏం లేదండీ. ఖాళీ."

"ఖాళీయా?" అని కంట్రోల్ పట్టుకుని 'ఎ' నొక్కింది.

పేజీ అంతా సెలెక్టయి నీలంగా మారింది. ఖాళీ అన్న చోట ఇరవై వరుసలు పైకి తేలాయి. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. మనుషులకి కనబడవు, గూగుల్ మాత్రం చదువుకుంటుంది. ఆ రోజుల్లో నాలాంటి వాళ్లందరికీ తెలిసిన కిటుకే.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె తెలుగులో చదివింది. "రొయ్య తలలు తీసి, మూడు నీళ్లు కడిగి, ఉప్పూ పసుపూ వేసి నీరింకేదాకా వేయిస్తుంది మా అమ్మ కొండలమ్మ." చదవడం ఆపి నా వైపు తిరిగింది. "మీ అమ్మ గారి పేరు కొండలమ్మా?"

"కాదండీ."

"అవును, కాదు. కొండలమ్మ మా అమ్మ. నా పేరు హేమ. మాది నాగాయలంక. ఈ రాత నాది."

నిజం ఒప్పుకోవాలి. పచ్చళ్ల గురించి నెట్‌లో వెతికితే పద్ధతిగా రాసిన పేజీ అదొక్కటే కనబడింది. మొత్తం కాపీ కొట్టి మావయ్య సైటు అడుగున పోసేశాను. సగమైనా చదివుంటే రొయ్యలు కంటబడేవి. చదవలేదు.

"ఇప్పుడు ఆంధ్రా ప్రాన్ పికిల్ అని కొట్టండి."

పక్క నుంచి వంగి కొట్టాను. అందరికంటే పైన మా మావయ్య శాకాహార పచ్చళ్ల కొట్టు వచ్చింది. కొండలమ్మ గారి సైటు ఆరో పేజీలో ఉంది.

"మీ మావయ్య గారి సైటు పాతది, మాది నిన్నగాక మొన్న పుట్టింది. ఒకే రాత రెండు చోట్ల కనబడితే గూగుల్ పెద్దాళ్ల మాటే నమ్మింది. రెండు నెలల నుంచి మాకు ఒక్క ఆర్డరు లేదు."

మావయ్య రెండు నెలలుగా ఎందుకు రుసరుసలాడుతున్నాడో నాకప్పుడు అర్థమైంది. తెనాలి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మీ ఆవకాయలో రొయ్యలు కలుస్తాయా, నేను నోములు పట్టేదాన్ని అందట. ఎవడో గిట్టనివాడు చేయించాడురా అని మావయ్య నా దగ్గరే వాపోయాడు. అయ్యుంటుంది మావయ్యా అన్నాను. ఆ గిట్టనివాణ్ని నేనే.

"ఇప్పుడే తీసేస్తానండీ."

"తీసేస్తే అయిపోదు." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లొచ్చారు. అమ్మ చేతి కొలతలు వాళ్లకి రాసిచ్చెయ్యాలి. సీసా మీద వాళ్ల పేరుంటుంది. మా అమ్మ మా వంటింట్లోనే వాళ్లకి కూలికి చెయ్యాలి. ఆర్డర్లు లేవు కదా, నాన్న సరేనన్నారు. దసరా రోజు సంతకం."

మౌసు కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"సీసా మీద అమ్మ పేరుండాలి. అంతే. పోగొట్టింది మీరు, తెచ్చిచ్చేదీ మీరే."

"తెస్తానండీ."

"ఎలా?"

"తెలీదండీ."

అప్పుడు నవ్వింది. పూర్తిగా కాదు, సగమే. ఆ సగం నవ్వుతోనే నా పని అయిపోయింది.

తెల్ల అక్షరాలు ఆ సాయంత్రమే చెరిపేశాను. కానీ గూగుల్ మళ్లీ వచ్చి పేజీ చూసుకోవాలి, అప్పటిదాకా మనం చేసేదేం లేదు. హేమ రోజూ ఫోన్ చేసేది.

"వచ్చిందా అండీ?"

"ఇంకా రాలేదండీ."

"కబురు పెట్టారా?"

"పెట్టానండీ."

"మరి ఏంటంత బెట్టు?"

పెళ్లిచూపులకి వస్తామన్న వాళ్ల కోసం చూసినట్టు ఇద్దరం ఎదురు చూశాం.

ఆదివారాలు బస్సెక్కేవాణ్ని. ఉయ్యూరు దాటితే చెరుకు, పామర్రు దాటితే వరి, నాగాయలంక చేరేసరికి రొయ్యల వాసన. హేమ వాళ్ల నాన్న పోలరాజు గారు నలభై ఏళ్లు పడవ మీద తిరిగిన మనిషి. నన్ను చూడగానే, "ఈ కంప్యూటరబ్బాయిని ముందు రొయ్యలు ఒలవడం నేర్చుకోమను, తర్వాత మాట్లాడతాను" అన్నారు.

గంటసేపు ఒలిచాను. గుప్పెడు తేలాయి. కొండలమ్మ గారు జాలిపడి, "నీ వల్ల కాదులే అయ్యా, చెయ్యి కడుక్కుని అన్నం తిను" అన్నారు.

కొన్నవాళ్లు ఫోన్‌లో ఏమేం అడుగుతారో ఒక్కొక్కటీ అడిగాను. ఎన్నాళ్లు నిలవుంటుంది, ఏ నూనె, ఊరగాయలా ఎండలో పెట్టాలా. కొండలమ్మ గారు చెబుతుంటే హేమ సైటుకి కొత్త పేజీలుగా రాసింది. సైటు పేరు మాత్రం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది. వాళ్లమ్మకి చదువు రాదు, తన పేరొక్కటే గుర్తుపడుతుంది.

"నేను రాస్తుంటే అటు చూడకండి. కాపీ కొడతారు."

"ఎదురుగా కూర్చుని ఎలా కొడతానండీ?"

"మీ సంగతి నాకు తెలీదూ?"

నేను ఏ పేజీ ఎక్కించినా ముందు కంట్రోల్ పట్టుకుని 'ఎ' నొక్కి చూసేది. ఇంకా నమ్మకం కుదరలేదా అంటే, "కుదిరింది, అలవాటు పోలేదు" అనేది.

వినాయక చవితి వెళ్లిన వారానికి సైటు రెండో పేజీకి వచ్చింది. అక్కడే ఆగింది. రోజులు గడుస్తున్నాయి, అది కదలదు.

"ఎవరో ఒక పెద్దమనిషి మన పేరు చెప్పాలండీ," అన్నాను. "నలుగురూ నమ్మే పాత సైటు మనకి లింకిస్తే గూగుల్ కూడా నమ్ముతుంది."

"మనకా?"

"మీకు. నోరు జారింది."

"జారితే జారింది, మళ్లీ వెనక్కి తీసుకోవడం దేనికి?" అని తల వంచుకుంది. తల ఎత్తకుండానే, "విజయవాడ పచ్చళ్లలో అందరికంటే పాత సైటు ఎవరిదండీ?" అంది.

ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఇద్దరం మావయ్య కొట్టుకి వెళ్లాం. హేమ రొయ్యల పచ్చడి సీసా పట్టుకుని రోడ్డు మీదే ఆగింది. లోపల ఒకాయన కాకరకాయ కారం అడుగుతున్నాడు.

"మా దగ్గర ఉండదండీ," అన్నాడు మావయ్య. "నాలుగు కొట్లవతల రామకోటేశ్వరరావు గారి దగ్గర మంచిది దొరుకుతుంది. నా పేరు చెప్పండి."

చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఆ రోజు కొత్తగా వినబడింది.

"మావయ్యా, వచ్చిన బేరాన్ని పక్క కొట్టుకి పంపుతావేంటి?"

"లేనిది లేదని చెప్పి, ఉన్నచోటు చూపిస్తే వాడు మళ్లీ మన గడపే తొక్కుతాడ్రా. మా నాన్న నేర్పిన వ్యాపారం."

"ఆ మాటే సైట్లో పెడదాం. రొయ్యల పచ్చడి గురించి."

మావయ్య ముఖం మారిపోయింది. "రొయ్య అన్న మాట మళ్లీ నా సైట్లోనా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. "ఆ గిట్టనివాణ్ని నేనే మావయ్యా." తెల్ల అక్షరాల దగ్గర్నుంచి దసరా సంతకం దాకా మొత్తం చెప్పేశాను. మావయ్య చేతిలో గోంగూర గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎంత పని చేశావురా. ఒక ఆడకూతురి పేరు తుడిచేశావు కదరా."

అప్పుడు హేమ గుమ్మం దాకా వచ్చింది. "కొట్లోకి తేనండీ. ఇది మీ ఇంటికి," అని సీసా మెట్టు మీద పెట్టింది. మావయ్య అటూ ఇటూ చూసి, దాన్ని గొడుగు చాటున పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

మర్నాడు మధ్యాహ్నం ఛాయాదేవి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య పొద్దుట్నుంచి మూడోసారి అన్నం పెట్టమంటున్నారు. ఇంతకీ ఎవర్రా ఆ పిల్ల?"

ఆ సాయంత్రమే మావయ్య పక్కన కూర్చుని రాయించాడు. 'మా కొట్లో రొయ్యల పచ్చడి దొరకదు. కావలసినవారు నాగాయలంక కొండలమ్మ గారిని అడగండి. మా పేరు చెప్పండి.' నల్ల అక్షరాల్లో పెట్టమన్నాడు, పెద్దవి పెట్టమన్నాడు. కొండలమ్మ గారి పేరుకి వాళ్ల సైటు లింకు తగిలించాను.

దసరా పొద్దున నాగాయలంకలో అరుగు మీద కంపెనీ ఆయన కాగితాలు పరిచాడు. పోలరాజు గారి చేతిలో కలం ఉంది. లోపల గదిలో హేమా నేనూ సిస్టం ముందు కూర్చున్నాం. ముందురోజు రాత్రి వరకూ నాలుగో స్థానం. హేమ టైపు చేసి, ఎంటర్ నొక్కడానికి భయపడి నా వైపు చూసింది. నేనే నొక్కాను.

మొదటి పేజీ. మొదటి వరుస. దాని పైన ఇంకేమీ లేదు.

హేమ నా చెయ్యి పట్టుకుని, పట్టుకున్నట్టు చూసుకుని, వదల్లేదు. మెయిల్ తెరిస్తే రాత్రికి రాత్రి వచ్చిన ఆర్డర్లు. విశాఖ, బెంగుళూరు, కింద ఇంకా ఉన్నాయి. "అమ్మా, నాన్నా, ఒక్కసారి రండి," అని పిలిచింది.

కొండలమ్మ గారు కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెర మీద తన పేరు మీద వేలు పెట్టారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. తర్వాత అక్కడే కూర్చుండిపోయారు.

పోలరాజు గారు భార్యని కాసేపు చూసి, అరుగు మీదకి వెళ్లి కలం తిరిగిచ్చేశారు. "కాగితాలు జాగర్తగా తీసుకెళ్లు బాబూ, వానొచ్చేలా ఉంది. సీసా మీద మా ఆవిడ పేరే ఉంటది. పచ్చడి కావాలంటే చెప్పు, వరసలో రాసుకుంటాం."

గెలిచాం. ఊరంతా పండగ, నాకు మాత్రం బస్సెక్కగానే దిగులు పట్టుకుంది. ఇక నాగాయలంకలో నాకేం పని? వారం గడిచినా ఫోన్ రాలేదు. ప్రేమించానని తెలుసు, చెప్పే ధైర్యం లేదు.

శనివారం మెయిల్ వచ్చింది. పైన 'తప్పుంది, చూడండి' అని ఉంది. తెరిస్తే ఖాళీ. కంగారుగా ఫోన్ చేశాను.

"హేమ గారూ, మీ మెయిల్లో ఏమీ లేదండీ. ఖాళీగా వచ్చింది."

"ఖాళీయా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. కంట్రోల్ పట్టుకుని 'ఎ' నొక్కాను. నీలంలో అక్షరాలు తేలాయి.

'ర్యాంకు వచ్చిందని ఆదివారాలు మానేస్తారా? మీరంటే నాకిష్టం. మీకూ అంతేనని అమ్మ ఎప్పుడో చెప్పింది. నాన్నతో మాత్రం మీరే చెప్పాలి. నల్ల అక్షరాల్లో.'

ఆదివారం మావయ్యనీ అత్తయ్యనీ వెంటబెట్టుకుని వెళ్లాను. పోలరాజు గారు అరుగు మీద రొయ్యలు ఒలుస్తున్నారు. దారంతా బట్టీ పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మీ అమ్మాయంటే నాకు ప్రాణమండీ. పెళ్లి చేసుకుంటానండీ," అన్నాను.

ఆయన నన్ను చూశారు, తలుపు చాటు నుంచి చూస్తున్న కూతుర్ని చూశారు, మావయ్య వైపు తిరిగారు. "పెద్దవారు మీరేమంటారండీ?"

"నేననేదేముంది అన్నయ్య గారూ," అన్నాడు మావయ్య. "మీ ఇంట్లో అల్లుడు లేడు. మా ఇంట్లో ఒకడున్నాడు. ఉన్నచోటు చెప్పడం మా కొట్టు అలవాటు. నా పేరు చెప్పుకుని తీసుకోండి."

లోపల కొండలమ్మ గారూ హేమా ఒకేసారి నవ్వారు. పోలరాజు గారు రొయ్యల బుట్ట నా ముందుకి జరిపారు.

"తలలు సరిగ్గా తియ్యి, అల్లుడూ."