అమ్మ మార్చిన వరుస

"అమ్మా... నాకు ఎకనామిక్స్ రాలేదు!"

వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న నీరజ చేతులు ఆగిపోయాయి. కూతురు ఇంద్రజ ఫోను పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. పంట బాగా పండిన ఏడే మనం ఎందుకు ఏడుస్తామో తెలుసుకోవాలని, గుంటూరు కాలేజీలో ఎకనామిక్స్ చదవాలని రెండేళ్లుగా కలలు కన్న పిల్ల! వచ్చింది మాత్రం ఏదో బిజినెస్ స్కూల్లో ఫైనాన్స్ సీటు.

"నా మార్కులు చాలలేదేమోనమ్మా... ఇంకాస్త చదవాల్సింది. తప్పు నాదే!"

ఆ మాటకు నీరజ తలెత్తలేకపోయింది. తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు! నెల క్రితం, నలుగురిలోకి వెళ్లాలంటే బిడియపడే ఇంద్రజ, తనకు కావలసిన కోర్సులను వరుసగా కాగితం మీద రాసిచ్చి దరఖాస్తు పెట్టమని తల్లిని నకరికల్లు నెట్ సెంటరుకు పంపింది. మొదటిది ఎకనామిక్స్, రెండోది ఫైనాన్స్. ఆటోలో కూర్చున్నంతసేపూ నీరజ చెవుల్లో అన్నయ్య జయకర్ మాటలే... "నువ్వూ పేట కాలేజీలో రెండేళ్లు ఎకనామిక్సే వెలగబెట్టావు గదా! ఏం ఒరిగింది? పిల్లనన్నా ఫైనాన్స్‌లో చేర్చు. బ్యాంకులో కుర్చీ దొరికిద్ది."

నెట్ సెంటరు నడిపే ఫర్హీన్ "ఏది ముందు పెట్టమంటావు పిన్నీ?" అని అడిగింది. నీరజ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని, "ఫైనాన్స్" అంది. ఒక్క మాట... ఒకే ఒక్క మాట!

ఇంతలో పక్కింటి మానస పరుగెత్తుకొచ్చింది. "ఇందూ! నాకు గుంటూర్లో ఎకనామిక్స్ వచ్చిందే! నాదే ఆఖరి సీటంట!" అని, స్నేహితురాలి ముఖం చూసి నిలబడిపోయింది. "ఏందే? నీకు నాకంటే యాభై మార్కులు ఎక్కువ గదా! నాకొచ్చి నీకెట్టా రాలేదు?"

ఇంద్రజ కళ్లు తుడుచుకుంది. "అయితే ఫర్హీనక్కే వరుస తప్పు కొట్టుంటుంది. పద, అడుగుదాం!"

"ఆమెనేమీ అనొద్దే!" నీరజ కూతురి చెయ్యి పట్టుకుంది. "మార్చమంది నేనే... నా బతుకు నీకు రాగూడదనుకున్నా తల్లీ! ఆ చదువు నన్ను ఈ మిరపకాయల కాడికే తెచ్చింది..."

మానస చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ఇంద్రజ తల్లి వైపు తిరిగింది.

"ఆ చదువు నిన్నేం చేసిందమ్మా? పెళ్లని మధ్యలో మాన్పించింది మామయ్యే గదా!"

నీరజ వంగి మరో మిరపకాయ తొడిమ తీయబోయింది.

"నన్నొక్క మాట అడిగుంటే నేనే ఫైనాన్స్ ముందు రాసిచ్చేదాన్ని. నువ్వు అడిగితే ఎప్పుడన్నా కాదన్నానా?"

"నన్ను తిట్టవే... కొట్టవే! అట్టా మాట్లాడొద్దు!" అంటూ నీరజ భోరుమంది.

ఇంద్రజ తల్లి పక్కన కూర్చుని, కొంగు అంచుతో ఆమె ముఖం తుడిచింది. తర్వాత తల దించుకుని, వినపడీ వినపడనట్టుగా అంది.

"సరేలేమ్మా... ఫైనాన్సే చదువుతా."

నీరజ ఏడుపు ఆగిపోయింది. ఇరవై ఏళ్ల క్రితం కాలేజీ పుస్తకాలు ట్రంకు పెట్టెలో సర్దేస్తూ, తానూ ఇలాగే తల దించుకుని, ఇంత మెల్లగానే అంది... "సరేలే అన్నయ్యా."