తాడు కోసిన రాయి

ఆటోనగర్‌లో రత్తయ్యగారి స్పేర్ పార్ట్స్ షాపుకి వచ్చేవాళ్ళు లారీ క్లచ్ ప్లేట్లో, బ్రేక్ లైనింగులో అడుగుతారు. 2001 జులైలో ఒక బుధవారం, చినుకుల్లో తడుస్తూ వచ్చిన అమ్మాయి మాత్రం పేపర్ కటింగ్ ఒకటి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది రాసిన కిరీటిగారు ఎవరండీ?"

కిరీటి కాలర్ సర్దుకున్నాడు. రోజూ మేనమామ రత్తయ్య షాపులో కూర్చున్నా, ఆదివారం సిటీ ఎడిషన్‌లో మన చుట్టుపక్కల మరుగున పడ్డ చోట్ల గురించి కాలమ్ రాసేది అతనే. ఏడాదిగా ఉత్తరాలు వచ్చాయి గానీ, వెతుక్కుంటూ మనిషి రావడం ఇదే మొదలు. అందులోనూ ఇంతింత కళ్ళున్న మనిషి.

"నేనేనండీ," అన్నాడు, ఉన్న వినయమంతా కూడగట్టుకుని.

ఆమె సంచిలోంచి బొటనవేలంత లావు పాత కొబ్బరి తాడు తీసి కటింగ్ పక్కన పెట్టింది. "మీరు రాసిన కత్తులు ఇవేనండీ."

కంకిపాడు అవతల కాలువ మలుపులో నడుమెత్తు రాయి ఒకటుంది. దాని అంచున ఒకదాని కింద ఒకటిగా పదకొండు గాట్లు. పాతకాలంలో ఏదో సైన్యం దండు దిగి, కత్తులు నూరుకున్న రాయి అది అని కిరీటి రాశాడు. కత్తులరాయి అని పేరు కూడా అతనే పెట్టాడు. జనం బస్సులు దిగి మరీ చూసి వెళ్తున్నారు.

ఆమె పేరు ఉష. కంకిపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. తాతయ్య గంగరాజు వయసులో ఉన్నప్పుడు ఆ కాలువలో పడవ లాగాడు. గాలి లేకపోతే తెరచాప పని చేయదు గనక, పడవకి తాడు కట్టి గట్టు వెంట నడుస్తూ లాగేవాళ్ళు. మలుపు తిరిగేటప్పుడు ఆ తాడు రాతిని ఒరుసుకునేది. ఆ గాట్లు అవేనని చెప్పింది.

కొబ్బరి తాడు రాయిని కోస్తుందా అని కిరీటి నవ్వాడు. మీ ఊళ్ళో నుయ్యి లేదా అని ఆమె అడిగింది. అమ్మమ్మగారింట్లో నూతి గట్టు మీద చేంతాడు అరగదీసిన చారలు అతనికి వెంటనే గుర్తొచ్చాయి. కానీ రచయిత కదా, ఊరికే ఒప్పుకుంటాడా?

"నేను స్వయంగా దిగి, టేపు పెట్టి కొలిచానండీ," అన్నాడు.

"ఏ నెలలో?"

"మేలో."

"అంటే కాలువ కట్టేశాక. ఇప్పుడు నీళ్ళు వదిలారు, వచ్చి చూడండి. గాట్లన్నీ నీటి వైపే ఉన్నాయి. మీ సైనికులు మొలలోతు నీళ్ళలో నిలబడి కత్తులు నూరారాండీ?"

రత్తయ్య తుమ్మొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. డెల్టాలో పుట్టి పెరిగినవాడికి వేసవిలో కాలువలు కట్టేస్తారన్న సంగతి తట్టకపోవడం కన్నా నగుబాటు ఇంకేముంది? కిరీటి చెవులు వేడెక్కాయి.

ఉష గొంతు తగ్గింది. "మీ కాలమ్ తాతయ్యకి నేనే చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ రోజూ సాయంత్రం ఆ రాయి దగ్గర కూర్చునే మనిషి, ఆ రోజు నుంచి వెళ్ళడం మానేశారు. ఆదివారం ఊరివాళ్ళు అక్కడ బోర్డు పెడుతున్నారు, ముఖ్య అతిథి మీరేనటగా. ఈ తాడు ఉంచుకోండి. తర్వాత వచ్చి తీసుకెళ్తాను."

ఆమె వెళ్ళాక రత్తయ్య అన్నాడు, "ఒరేయ్, ఆ పిల్ల చెప్పిందాంట్లో ఒక్క నట్టు కూడా లూజు లేదురా."

శనివారం కిరీటి స్కూటర్ మీద వెళ్ళాడు. కాలువ నిండుగా పారుతోంది. ప్యాంటుతోనే మొలలోతు నీళ్ళలో దిగి, గాట్లలో ఒక్కొక్క దానిలోనూ వేలు పెట్టి చూశాడు. కత్తి పదునుకు అరిగితే లోపల కోసుగా ఉండాలి. ఇవి గుండ్రంగా, నున్నగా ఉన్నాయి.

"టేపు తెచ్చుకోలేదాండీ?" గట్టు మీద ఉష గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి కళ్ళలో కోపం లేదు, అల్లరి ఉంది. వాన కాస్త పెద్దదైంది. ఆమె గొడుగు సగం ఇటు జరిపింది, అతను మాత్రం పూర్తిగా తడిశాడు. అయినా అంత హాయిగా ఎప్పుడూ తడవలేదు.

ఉష అతన్ని తాతయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. గంగరాజుకి ఎనభై దాటాయి. మీరెవరి పడవ లాగేవారు అని కిరీటి అడిగాక నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. బందరు నుంచి ఉప్పు, ఇటు నుంచి ధాన్యం, మధ్యలో పెళ్ళివారు. ముగ్గురు మనుషులు ఛాతీకి గుడ్డపట్టీ వేసుకుని, వంగి లాగేవాళ్ళు. ఎండకు గట్టు కాలితే పాదాలు నీళ్ళలో ముంచి మళ్ళీ నడక. నీళ్ళు ఎక్కువొచ్చిన ఏడు తాడు పై గాట్లో పడేది, తక్కువొచ్చిన ఏడు కింది గాట్లో పడేది. ఆఖరికి రోడ్డు మీదికి లారీలొచ్చాయి, పడవలు ఆగాయి.

కిరీటికి అప్పుడు అర్థమైంది. కాలువలో నీళ్ళు ఎంత పారాయో, ఎంతమంది వంగి నడిచారో మొత్తం ఆ రాయి మీద ఉంది. ఏ రాజూ రాయించలేదు, వీళ్ళ ఛాతీల బలం రాసింది. అలాంటిదాన్ని తాను ఎవరివో కత్తులకి కట్టబెట్టాడు.

"మరి అప్పుడే చెప్పలేదేం తాతగారూ?"

"కత్తులంటే జనం ఆగి చూస్తారు బాబూ. తాడు లాగినోళ్ళని ఎవరు చూస్తారు? పోన్లెండి, కత్తులే ఉండనివ్వండి."

ఆ మాట గుచ్చుకున్నంతగా అతనికి ఉష కోపం కూడా గుచ్చుకోలేదు. కంకిపాడు సెంటర్లో ఎస్టీడీ బూత్ నుంచి పేపరాఫీసుకి ఫోన్ చేశాడు. సబ్ ఎడిటర్ మంచిగానే చెప్పాడు. వచ్చే నెల నుంచి కాలమ్‌కి నీ ఫొటో పెడదామనుకుంటున్నాం, ఇప్పుడు తప్పు రాశానని ఊరంతా చాటావంటే ఇక కాలమ్ ఉండదు, ఒక నెల ఊరుకో అన్నాడు. ఏడాదిగా కిరీటి కలలు కంటున్నది ఆ ఫొటో గురించే.

ఆదివారం సాయంత్రం రాయి పక్కన బోర్డు మీద గుడ్డ కప్పి ఉంచారు. మైకు, కుర్చీలు, పూలదండ. గుంపులో ఉష ఉంది, తాతయ్య రాలేదు. కిరీటి మైకు అందుకున్నాడు.

"ఇక్కడ ఎవరూ కత్తులు నూరలేదండీ. నేను ఎండిన కాలువలో నిలబడి తప్పు రాశాను. ఈ గాట్లు పడవలు లాగిన తాళ్ళవి. లాగినవారిలో గంగరాజుగారు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆ గుడ్డ తియ్యకండి."

గుంపులో గొణుగుడు మొదలైంది. కత్తులు లేకపోతే ఇంకెందుకయ్యా అని ఎవరో అన్నారు. ఉష అప్పటికే ఇంటివైపు పరుగెత్తింది.

గంగరాజు మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు. కిరీటి బ్యాగులోంచి తాడు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ముసలాయన దాన్ని మధ్య గాటులో వేశాడు. పొద్దున తీసి సాయంత్రం పెట్టినంత సుళువుగా కూర్చుంది. తాడు చివర భుజాన వేసుకుని, ఛాతీ ముందుకు వంచి రెండడుగులు వేశాడు. గొణుగుడు ఆగిపోయింది. తర్వాత చీకటి పడేదాకా ఆయన్ని అక్కణ్ణుంచి కదలనివ్వని ప్రశ్నలే. వెళ్తూ ఆయన తాడుని మళ్ళీ కిరీటి చేతిలోనే పెట్టాడు. బోర్డు మీద పేరుని పెయింటర్ మర్నాడు తాడురాయి అని మార్చాడు.

పేపర్లో నాలుగు లైన్ల సవరణ వచ్చింది. కాలమ్ ఆగిపోయింది. ఆ తర్వాత మూడో బుధవారం ఉష షాపులోకి వచ్చింది.

"తాడు తీసుకెళ్దామని," అంది. ఇంకేదో చెప్పాలన్నట్టు గొడుగు మడిచింది, మళ్ళీ విప్పింది. "ఆదివారాలు నాకేమీ తోచడం లేదండీ. మొదటి నుంచీ మీ కాలమ్స్ అన్నీ కత్తిరించి దాచుకున్నాను."

"కత్తులరాయి కూడానా?"

"అది మీకే తెచ్చిచ్చాగా."

కిరీటికి నవ్వు, ధైర్యం ఒక్కసారే వచ్చాయి. "ఉషగారూ, పేపర్లో లేకపోయినా నేను రాస్తూనే ఉంటాను. ముందు మీరు చదివి, తప్పులు చెప్పాలి. ఈ నెలా, పై నెలా అని కాదు, ఎప్పటికీ. మీరంటే నాకంత ఇష్టం."

ఆమె కౌంటర్ మీది తాడు తీసి చేతికి చుట్టుకుంది. "తాతయ్యని అడగండి," అంది, మొహమంతా ఎర్రబడుతూ.

ఆ సాయంత్రమే రత్తయ్య మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని కాలువ గట్టుకి వెళ్ళాడు. గంగరాజు మళ్ళీ ఎప్పటిలా రాయి పక్కన కూర్చుని ఉన్నాడు, తాడు పట్టుకుని ఉష పక్కనే ఉంది. మా లారీలే మీ పడవల్ని ఆపేశాయి, ఆ తగవు తీరేలా పిల్లనివ్వండి అని రత్తయ్య చేతులు జోడించాడు.

గంగరాజు కిరీటిని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. మొదటిసారి 'నువ్వు' అన్నాడు.

"గట్టు మీద ఎంత బలంగా లాగినా చాలదు అబ్బాయ్. పడవలో చుక్కాని పట్టే మనిషి లేకపోతే, అది నువ్వు లాగినకొద్దీ వచ్చి గట్టుకే కొట్టుకుంటుంది. మా పిల్ల చుక్కాని గట్టిగా పడుతుంది. మాట వింటావా?"

"ఒకసారి వినకుండానే రాశానండీ. మళ్ళీ రాయను," అన్నాడు కిరీటి.

ముసలాయన మనవరాలి వైపు చూశాడు. ఆమె తలొంచుకుని, తాడు కొస ఒకటి తన చేతిలో ఉంచుకుని రెండోది కిరీటికి అందించింది.