ఎమోకె పెంచిన పొట్ట

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వెండెల్, ఎమోకె పెంచుతున్న పొట్టను బ్లీచ్‌లో పారబోశాడు.

పొట్ట అంటే నిండు పొట్టేం కాదు. సెగెద్ నగరంలోని ఆ ల్యాబ్‌లో మూలకణాల నుంచి పదకొండు నెలలు సాకిన గోరంత పొర. ఆమ్లం ఊరని పొట్టలకు ఎప్పటికైనా అలాంటి పొరతో అతుకు వేయాలని ఆమె ఆశ. వాళ్ల నాన్న బెర్తలాన్ పొట్టలో ఆమ్లం ఊరడం మానేసి ఆరేళ్లయింది. తిన్నది ఒంటబట్టక మనిషి పాలిపోయాడు.

ఆ ఉదయమే పొర చుట్టూ ఉన్న ఎర్రటి ద్రావణం తొలిసారి పసుపుపచ్చగా మారింది. అంటే ఆమ్లం ఊరింది! వెండెల్ మాత్రం క్రిములు పడ్డాయనుకుని, సాయం చేద్దామని పారబోసేశాడు.

"ఎవరు పారెయ్యమన్నారు మిమ్మల్ని?"

"పసుపైతే పారెయ్యమని మా మాస్టారు బోర్డు మీద రాసి మరీ చెప్పారండీ," అన్నాడు బిక్కమొహం వేసుకుని.

ఆమెకు నవ్వొచ్చింది. అంత కోపంలో నవ్వొచ్చినందుకు ఇంకా మండింది.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. కణాలకు సెలవులుండవు, రోజూ మేత వేయాల్సిందే. ఆదివారాలన్నీ తనవేనన్నాడు వెండెల్. నమ్మకం లేక ఎమోకె కూడా వచ్చేది. మొదట కాపలాకు వచ్చింది, తర్వాత అతడు తెచ్చే గసగసాల రోల్ కోసం వచ్చింది, ఆ తర్వాత ఏ సాకూ వెతుక్కోకుండానే వచ్చింది.

ఎనిమిదో నెలలో ద్రావణం మళ్లీ పసుపెక్కింది. వెండెల్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఎమోకె మైక్రోస్కోప్‌లో మూడుసార్లు చూసింది. ఒక్క క్రిమి లేదు. అచ్చమైన ఆమ్లమే.

"ఇక నీకు ఆదివారాలు రావాల్సిన పని లేదు," అంది తలెత్తకుండా.

"రావద్దంటే ఇది కూడా పారబోస్తాను. నువ్వు లేని ఆదివారం నాకొద్దు, ఎమోకె."

ఎమోకె మైక్రోస్కోప్ వదిలి లేచింది. వెనక్కి కట్టుకున్న అతడి చేతుల్లో ఒకదాన్ని విడిపించి పట్టుకుంది.

వారం తిరక్కుండా అతణ్ని ఇంటికి భోజనానికి తీసుకెళ్లింది. బెర్తలాన్ అతణ్ని ఎగాదిగా చూశాడు. పారబోసిన ఘనుడు ఇతడేనా అని కూతుర్ని అడిగాడు. ఆ పొరను మనిషికి అతకడానికి ఎన్నాళ్లు పడుతుందని అతణ్ని అడిగాడు.

వెండెల్‌కు అబద్ధం చెప్పాలనిపించలేదు. "పదేళ్లు పట్టొచ్చండీ."

పెద్దాయన చేపల పులుసు గిన్నె అతడి వైపు జరిపాడు.

"అయితే పదేళ్లూ మా ఇంటికి వస్తూనే ఉంటావన్నమాట. తిను బాబూ."