వెనకగాలి

“రేపు పొద్దున నన్ను అరెస్టు చేస్తారట సార్. మీరే దిక్కు.”

తడిసిన గొడుగుతో వచ్చిన ఆమె కుర్చీలో కూలబడింది. ఆమెది మందుల షాపు. తండ్రి రిటైరైన పైలట్. మొన్న సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఆయన్ని ఎవరో తోసేశారు, బల్ల అంచు తలకు తగిలి ప్రాణం పోయింది. తలుపు పగలలేదు. తాళంచెవులు రెండే, ఒకటి ఆమె దగ్గర, ఇంకోటి అన్న దగ్గర.

“అన్నయ్య అప్పటికింకా ఆకాశంలోనే ఉన్నాడు. విదేశం నుంచి పద్నాలుగు గంటల ప్రయాణం, విమానం దిగేది ఆరింటికి. షాపు మూసి నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఆ ముసురులో షాపుకి పురుగు కూడా రాలేదు, నన్ను చూశామనేవాళ్ళు లేరు!”

ఇలాంటి మనిషి తండ్రిని చంపుతుందా? అసిస్టెంటు మనసు ఒప్పుకోలేదు. కానీ డిటెక్టివ్ ముఖంలో ఏమీ కనిపించదాయె.

విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ఉంది ఆ ఇల్లు. పోలీసులు గదిలో ఏదీ కదపనివ్వలేదు. బల్ల మీద రెండు టీ కప్పులు. ఒకటి ఖాళీ, రెండోది అంచుదాకా నిండి మీగడ కట్టింది.

“మీరు టీ తాగుతారా?”

“వాసనే పడదు సార్.”

“టీవీలో వాతావరణం ఛానలుందేం?”

“అన్నయ్య ప్రయాణమంటే నాన్న రోజంతా అదే చూసేవారు. పాత అలవాటు.”

డిటెక్టివ్ వసారాలోని సూట్‌కేసును తిరగేశాడు. చక్రాలనిండా ఎండిన ఎర్రమట్టి, వాకిట్లో ఉన్నదే.

“దీన్ని లోపలికి తెచ్చిందెవరు?”

“నేనే. బురద అంటుతుందని కారులోంచి చేత్తోనే మోసుకొచ్చాను.”

డిటెక్టివ్ బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్నీ, అన్ననీ అదే గదికి పిలిపించాడు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు టికెట్ మీది టైం చూశారు. ఆకాశంలో గాలిని చూడలేదు. దూరం ఎటునుంచైనా ఒకటే, పట్టే సమయం ఒకటి కాదు. మొన్న వెనకగాలి బలంగా తోసింది. విమానం నాలుగున్నరకే దిగిందని ఇందాకే కనుక్కున్నాను. ఈయన సూట్‌కేసు లాక్కుంటూ ఈ వాకిట్లోంచే లోపలికొచ్చాడు. పని కానిచ్చి, చెల్లెలు వచ్చేవేళకు మళ్ళీ వెళ్ళి విమానాశ్రయంలో నిలబడ్డాడు.”

అసిస్టెంటు నోరు తెరిచాడు. టికెట్ తనూ చూశాడు మరి!

అన్న ముఖం పాలిపోయింది. “ఇల్లు అమ్మేద్దామన్నాను. నా శవం లేచాకే అన్నారు. మాట మీద మాట పెరిగింది. చంపాలని కాదు...”

“నన్ను జైలుకి పంపుతామన్నా నోరు మెదపలేదేం అన్నయ్యా?” అంది చెల్లెలు.

“అది సరే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆ నిండు కప్పు చూపిస్తూ, “ముందే దిగుతున్నట్టు ముసలాయనకెలా తెలిసింది?”

“పైలట్ కదండీ,” అన్నాడు డిటెక్టివ్. “గాలి చూసి లెక్కకట్టుంటారు.”

అన్న ఒక్కసారిగా భోరుమన్నాడు.

“నేను తలుపు తీసేసరికి టీ పోస్తున్నారు. ‘గాలి బాగుంది, ఈపాటికి వస్తావనుకున్నా. ముందు తాగరా, చల్లారిపోతుంది’ అన్నారు.”