పోనీ గుర్తు

అరుణపురిలో ఏదీ ఆగదు. అంగారకుడి మీద కట్టిన ఆ ఊళ్లో యంత్రాలకు ఏదో ఒక కొలత అందకపోయినా కుళాయిలో నీళ్లు వస్తాయి. ఏం కావాలో చెప్పడం మరిచిన బద్ధకస్తుడికి కూడా క్యాంటీన్‌లో ఉప్మా ప్లేటు సిద్ధంగా ఉంటుంది. ఇదంతా ఇందుమతి చలవే.

పూర్వపు ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక్క విలువ రాకపోతే ప్రోగ్రామ్ మొత్తం చతికిలబడేది. అలా కాకూడదంటే 'ఉందా? లేదా?' అని అడుగడుగునా ఆరా తీసే పంక్తులు పేజీలకొద్దీ రాయాలి. ఇందుమతి తన కొత్త భాషలో వాటన్నిటికీ బదులు ఒకే గుర్తు పెట్టింది: పోనీ. 'అడిగిన టిఫిన్, పోనీ ఉప్మా.' మొదటిది ఉంటే అదే, లేకపోతే రెండోది. ఇంత తేలికైన సంగతి అన్నేళ్లు ఎవరికీ తట్టలేదంటే నవ్వొస్తుంది.

బయట మంచు తవ్వేవాళ్ల కోసం కూడా ఆమె స్వయంగా ఒక పంక్తి రాసింది: 'సూట్ పంపిన కబురు, పోనీ క్షేమం.' దుమ్ములో క్షణంపాటు సిగ్నల్ పోతే ఇళ్లలో వాళ్లు హడలిపోకూడదని ఆమె ఉద్దేశం.

ఆ రోజు దుమ్ము తుఫాను లేచింది. ఇందుమతి భర్త చక్రపాణితో కలిపి ఆరుగురు బయట ఉన్నారు. బోర్డు మీద ఆరు పేర్ల పక్కనా 'క్షేమం' అని ఉంది. ఆమె నిశ్చింతగా టీ తాగుతుంటే సహాయ శాస్త్రవేత్త తాజుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు.

"సిగ్నల్ టవర్ పొద్దుగాలనే కూలిపాయె మేడం. మరి వాళ్లు క్షేమమని ఎవలు చెప్పిండ్రు?"

ఇందుమతి టీ కప్పు పక్కన పెట్టేసి లేచింది. చెప్పింది తనే. ఆ మాట నమ్మి రక్షక వాహనం కూడా షెడ్డులోంచి కదల్లేదు. ఇద్దరూ దాన్ని తీసుకుని వెళ్లేసరికి దుమ్ములో కూరుకుపోయిన బండిలో ఆరుగురికీ గాలి అయిపోవస్తోంది.

"ఇంతసేపా ఇందూ? మేం గుర్తు రాలేదా?" అన్నాడు చక్రపాణి నీరసంగా.

తిరిగి రాగానే ఇందుమతి భాషను సవరించింది. మనిషి ప్రాణం దగ్గర పోనీ చెల్లదు. కబురు రాకపోతే బోర్డు 'తెలియదు' అనాలి. ఆ మాట పడగానే వాహనం తనంతట తానే బయల్దేరాలి.

మళ్లీ తుఫాను వచ్చింది. మళ్లీ అదే బృందం బయట ఉంది. 'తెలియదు' అంది బోర్డు, ఆరుసార్లు. మరుక్షణమే వాహనం గేటు దాటింది.

"చేయవలసిందంతా చేశాం మేడమ్," అంది నియంత్రణ కంప్యూటర్ మేధ.

నిజమే, లోపమేమీ లేదు. అయినా ఇందుమతి కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. చివరికి తన మణికట్టు తెర మీద, తనొక్కతే చూసుకునేలా ఒక పంక్తి రాసుకుంది: 'ఆయన కబురు, పోనీ క్షేమం.'

"అది మీరే నిషేధించారు కదా మేడమ్?"

"తెలుసు."

"మిగతా అయిదిళ్ల వాళ్లు ఇందాకే రాసుకున్నారు. మీరే ఆఖరు. ఎందుకిలా? నేను 'తెలియదు'తోనే పని చేసుకుంటున్నానే!"

"నీకది చాలు మేధా," అంది ఇందుమతి, గేటు మీంచి చూపు తిప్పకుండా. "వాహనం తిరిగొచ్చేదాకా నేను ఊపిరి పీల్చాలి కదా."