రేవులో పెన్నుల డబ్బా

ఫోను గరగరలాడింది. అవతల పెద్దాయన. ఆయనకు జలుబు, లైనుకు తెగులు.

“తిని, మింగి, రా,” అని వినిపించింది. లైను తెగింది.

పదిహేడేళ్ళ సర్వీసులో ఏజెంటు జలగ ఇలాంటి ఆర్డరు వినలేదు. పట్టుకుంటే వదలడని శాఖలో అతనికి ఆ పేరు పెట్టారు. ఇన్నాళ్ళకు తన ఆకలి మీద శాఖకు జాలి కలిగిందనుకున్నాడు. ఆర్డరు ఆర్డరే గనక తిన్నాడు. మింగాడు. మారు వడ్డించుకుని మరీ మింగాడు. ముప్పావుగంట తర్వాత త్రేన్చుకుంటూ హెడ్డాఫీసు మెట్లెక్కాడు.

పెద్దాయన ఫైల్లోంచి తలెత్తలేదు.

“బాగా తిన్నట్టున్నావు.”

“తమరి దయ సార్.”

“కూర్చో. మీ అన్న పోయాడు.”

“ఎక్కడికి సార్?” అని నోటిదాకా వచ్చింది. పెద్దాయన మొహం చూశాక ఆ మాట కూడా మింగాడు.

“నిన్న పొద్దున, సముద్రంలో. ఇవాళ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.”

మూల బల్ల దగ్గర రాసుకుంటున్న గుమాస్తా, జలగ చొక్కా మీద కూర మరక వంక చూశాడు. సాయంత్రానికల్లా ఆఫీసంతా ఒకటే మాట: అన్న పోయాడంటే అన్నం తిని వచ్చాడు.

పెద్దాయన బ్రీఫింగు మొదలుపెట్టాడు. జలగ చెవులు విన్నాయి, మిగతా మనిషి ఎక్కడో ఉన్నాడు. అన్న సముద్ర శాస్త్రవేత్త. గది అంత పసుపుపచ్చ ఇనప బుంగ ఒకటి తయారుచేసి, దానికి ‘ఊయల’ అని పేరు పెట్టాడు. అల మీద ఊగుతుంది, ఊగినంతసేపూ కరెంటు పుడుతుంది. మూడేళ్ళుగా ఒక విదేశీ ముఠా దాని కంట్రోల్ కోడ్ కోసం వల వేసి కూర్చుంది. ఇవాళ నాలుగింటికి ట్రయల్.

“ఇది బోటు లాగ్ బుక్కులో ఆఖరి పేజీ,” అని పెద్దాయన ఒక నలుపు తెలుపు ఫోటో తోశాడు.

‘రహస్యం నేనే అప్పగించాను. నా శిక్ష నేనే వేసుకుంటున్నాను.’

“అన్నయ్య ఇలా రాయడు సార్.”

“రాత ఆయనదే. ఆయన తనంతట తనే దూకాడని చెప్పిన బోటు డ్రైవరు మాత్రం కనబడటం లేదు. ఫైలు అట్ట మీద ద్రోహి అని రాసి ఉంచాను. నాలుగింటిలోపు ఏదీ తేలకపోతే అలాగే మూసేస్తాను. నాకూ ఇష్టం లేదు. అక్కడ మన మనిషి ఉంది. కోడ్ నేమ్ ముత్యం. మనం పంపితేనే ముఠాలో చేరింది. ఇదుగో పెన్ను. ఫోటో తీస్తుంది, మత్తుసూది వేస్తుంది, వైర్‌లెస్ పంపుతుంది.”

“రాస్తుందా సార్?”

“అదొక్కటి చేయదు.”

రెండున్నరకు జలగ పరిశోధనా కేంద్రం రేవులో ఉన్నాడు. పడవల అడుగున పట్టిన గుల్లలు గీకేవాడి వేషం. పెట్టుడు మీసం, భుజాన సంచి, సంచిలో స్పానరు. రేవు కాపలాదారు ఆపి, అతని జేబులోంచి పెన్ను లాగేసి ఒక రేకు డబ్బాలో పడేశాడు. డబ్బాలో అప్పటికే ముప్పై నలభై పెన్నులున్నాయి.

“అదేమిటి బాబాయ్?”

“ఇక్కడ రూలు. బోటు ఎక్కేవాడి దగ్గర పెన్ను ఉండకూడదు. తడి తగిలితే ఇంకు ఏడుస్తుంది, లెక్కంతా కొట్టుకుపోతుంది. డెక్కు మీద పెన్సిలే. మా సారు పెట్టిన రూలు.” కాపలాదారు డబ్బా మూత తుడిచాడు. “సారు లేరు. రూలుంది.”

జలగ మీసం సర్దుకునే నెపంతో మొహం పక్కకు తిప్పుకున్నాడు. చిన్నప్పుడు అన్న తన చేతిలో పెన్సిల్ పెట్టి, “చిన్నోడా, తప్పు రాసినా పరవాలేదు, తడిస్తే చెరిగిపోయేది రాయకు,” అనేవాడు.

రేవు చివర నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, గాలికి చెదరని నిలబడటం. ఆమెను చూస్తే కెమెరాలు వాటంతటవే తిరిగేవి. జలగ దగ్గరికెళ్ళి కోడ్ మాట అన్నాడు.

“సముద్రానికి తీరం ఉందా?”

“తీరం ఉంది, తీరికే లేదు.” ఆమె గొంతు తగ్గించింది. “మీసం ఎడమవైపు ఊడుతోంది మరిదిగారూ.”

ముత్యం అంటే వదిన.

వదిన తిమింగలాల శాస్త్రవేత్త. అయితే పడవ ఎక్కితే వాంతులు. అందుకని ఒడ్డునే, ఊయల అడుగున కట్టిన నీటి మైకు వైరు చివర, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటుంది. అన్న సముద్రం మీద, ఆమె సముద్రానికి చెవి. పదేళ్ళ కాపురం అలాగే నడిచింది.

“లాగ్ బుక్ చూడాలి వదినా.”

ఆమె తన గదికి తీసుకెళ్ళి చూపించింది. పేజీలన్నీ పెన్సిల్ బూడిద రంగు. వాటి అంచులు ఉప్పునీటికి ఉబ్బాయి. పుస్తకానికి దారంతో పెన్సిల్ ముక్క వేలాడుతోంది. ఆఖరి పేజీ ఒక్కటే నీలం. నీటిబొట్టు మచ్చ లేదు, అక్షరం చెదరలేదు.

అక్షరాలు అన్నవే. ఇంకు అన్నది కాదు. డెక్కు ఎక్కినవాడెవడూ చేయని తప్పు ఇది. ఎన్నడూ డెక్కు ఎక్కనివాళ్ళే చేస్తారు.

జలగ మాట్లాడకుండా పక్కనున్న ఆమె సొంత రిజిస్టరు తెరిచాడు. అదే నీలం. నిన్నటి తేదీ. ‘10.52. తిమింగలం. టక్కులు, నాలుగేసి. నలభై నిమిషాలు.’

“తిమింగలాలు నాలుగేసి లెక్కపెట్టి కొడతాయా వదినా?”

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“అడుగున పని చేసేవాళ్ళ గుర్తది. నాలుగు టక్కులంటే, కింద మనిషి ఉన్నాడు, అన్నీ ఆపండి అని. డ్రైవరు ముఠా మనిషి. ఆయన నీళ్ళలోకి దిగగానే బోటు తిప్పుకొచ్చేశాడు. ఆ పోటు అలల్లో ఈది రాలేరు. గంటలో మళ్ళీ వెళ్తాడన్నారు. బెదిరిస్తారంతే అన్నారు.”

“నువ్వు విన్నావు.”

“విన్నాను.”

“రెండో బోటు పంపొచ్చుగా.”

“వాళ్ళవాడు నా వెనకే కూర్చున్నాడు. పంపితే నేనెవరి మనిషినో తెలిసిపోతుంది. రెండేళ్ళు రెండు వైపులా అబద్ధమాడాను. కాళ్ళు లేవలేదు.” ఆమె హెడ్‌ఫోన్ల వైరు వేలికి చుట్టుకుంది. “ఆ గుర్తు వింటే ఆగేలా చేశారు, ఆయన కొడితే యంత్రం ఆగింది. నేనే కదల్లేదు.”

“ఎంతసేపు విన్నావు?”

“ఆగేదాకా.”

కిటికీ బయట ట్రయల్ చూడటానికి పెద్దల కార్లు వచ్చి ఆగుతున్నాయి. ఎవరో కుర్చీలు సర్దుతున్నారు.

“ఆ పేజీ కూడా నీ చేతే రాయించారా?”

“ఆయన రాత నాకు తప్ప ఎవరికొచ్చు? టేపు మాత్రం చెరపమన్నా చెరపలేదు. సొరుగులో ఉంది. విను మరిదీ, టైము లేదు. ఊయలలో వాళ్ళ పెట్టె ఉంది. సరిగ్గా నాలుగింటికి ఊగడం మొదలవుతుంది, కోడంతా బయట చేపల పడవకు పోతుంది, తర్వాత ఊయల కాలిపోతుంది. ఇక్కడి బటన్లేవీ పనిచేయవు.”

“మరి దేనికి ఆగుతుంది?”

ఆమె బల్ల మీద వేలి కణుపుతో కొట్టింది. నాలుగుసార్లు.

మూడూ నలభై ఎనిమిది. జలగ పరుగెత్తాడు. డబ్బాలోంచి తన పెన్ను లాక్కుని రబ్బరు బోటు ఎక్కాడు. అర కిలోమీటరు. దూరంగా చేపల పడవ ఒకటి, దాని వలలు ఎండి పెళపెళలాడుతున్నాయి. చేప వాసన తెలియని చేపల పడవ. కోస్ట్‌గార్డుకు కబురు పెడదామని పెన్ను నొక్కితే ఒక్కసారి బీప్ అంది. అంతలో అల తగిలింది. పెన్ను నీలంగా ఏడ్చింది. శాఖ పెన్నులో ఇంకు ఉందని శాఖకే తెలియదు.

నాలుగవడానికి అర నిమిషం. స్పానరుతో నీళ్ళలోకి దూకాడు. ఊయల అప్పుడే మూలగడం మొదలుపెట్టింది. అడుగున చేతిపిడి దగ్గర పసుపు రంగు లేచిపోయి, ఇనుము తెల్లగా మెరుస్తోంది. నలభై నిమిషాలు కొట్టిన చోటు. జలగ స్పానరు అక్కడే ఆనించి కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కొట్టడానికి చెయ్యి రాలేదు. కొడితే అయిపోతుంది, అన్నతో మాట్లాడినట్టే అయిపోతుంది. కొట్టాడు.

ఊయల ఆగింది.

ఆ ఒక్క బీప్ చాలింది. కోస్ట్‌గార్డు ఎండిన వలల పడవను పట్టుకుంది. బోటు డ్రైవరు అందులోనే దొరికాడు.

మూడోరోజు హెడ్డాఫీసులో విచారణ. శాఖంతా వచ్చింది. ఇద్దరు గార్డుల మధ్య వదిన, స్కార్ఫు లేకుండా. గుమాస్తా ప్రశ్నలు చదివాడు.

“కబురందాక ఏజెంటు ముప్పావుగంట ఆలస్యం. కారణం, భోజనం. నిజమేనా?”

గదిలో చూపులన్నీ జలగ మీద పడ్డాయి.

“తిని, మింగి, రా అన్నారు,” అన్నాడు జలగ.

పెద్దాయన ముక్కు తుడుచుకున్నాడు. “నేనన్నది ‘తిమింగలం, రా’ అని. మనవాళ్ళెవరైనా సముద్రంలో పోతే వాడే కోడ్. ఆ పొద్దున్నే మార్చాం. ఇతనికి చెప్పలేదు. తప్పు నాది, నా ముక్కుది. ఇతను అన్నం తిన్నది అన్న పోయిన సంగతి తెలిసి కాదు. అందరూ వినండి.”

ఎవరూ నవ్వలేదు. వదిన మాత్రం తలెత్తింది. “ఆయన వింటే కుర్చీలోంచి పడిపోయేలా నవ్వేవారు,” అంది.

తర్వాత టేపు పెట్టారు. నీళ్ళ హోరు, అందులోంచి నాలుగు టక్కులు. కాస్త ఆగి, మళ్ళీ నాలుగు. పెద్దాయన ఫైలు అట్ట మీద ద్రోహి అన్న మాట కొట్టేశాడు. గుమాస్తా రాస్తున్న కాగితం మీద నీలం అక్షరాలు ఒక్కొక్కటే అలుక్కుపోతున్నాయి. అతను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

జలగ జేబులోంచి దారం ఉన్న పెన్సిల్ ముక్క తీసి అతని ముందు పెట్టాడు.

“దీంతో రాయండి. ఇదీ డెక్కే.”