జనక్‌పురిలో చెక్కనేల గది

జనక్‌పురిలో ఆ మేడమీది వాటా ఖాళీగా ఉందంటే తెలుగువాళ్లెవరూ అటు తొంగిచూసేవారు కాదు. అందులో వెనకగదికి బండలు కావు, టేకుచెక్కల నేల. ఆ గది తలుపు లోపల గడియైనా లేకుండా దానంతటదే బిగుసుకుంటుందనీ, అలా ఓ ముసలావిడ లోపలే పోయిందనీ చెప్పుకునేవారు.

లక్ష్మీకుమారి అన్నీ వినే దిగింది. భర్త సదాశివరావుకి కొత్తగా ఢిల్లీ బదిలీ. క్వార్టరు ఎప్పుడొస్తుందో తెలీదు. తొంభైమూడు జనవరి చలి ఎముకలు కొరుకుతోంది.

"దెయ్యమో, దుమ్మో... కడిగితే పోతుంది," అంది.

శుక్రవారం పొద్దున్నే ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లు బకెట్లకొద్దీ కుమ్మరించి, చెక్కల సందుల్లోకి దిగేలా కొబ్బరిచీపురుతో రుద్దింది. కొత్తింట్లో దిగి నేల కడగనివాళ్లు మనలో ఎవరుంటారు?

తూములోంచి నీళ్లు దూకుతుంటే కింది వాటా తాయారమ్మ కేకేసింది. "ఏమమ్మా, పైన గోదావరి పుష్కరాలా?"

సాయంత్రమైనా తడి ఆరలేదు. బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెట్టింది. ఆ వెచ్చదనానికి నాలుగేళ్ల ఉష మంచమ్మీదే నిద్రపోయింది. లక్ష్మీకుమారి స్టూలెక్కి కిటికీ బిగించి, తలుపు దగ్గరగా వేసి, స్టూలుతో వంటింట్లోకి వెళ్లింది.

చీకటి పడింది. కరెంటు పోయింది.

టక్...

వెనకగదిలో ఎవరో అడుగేసినట్టు. మళ్లీ — టక్.

"ఉషా?"

పలకలేదు. తడుముకుంటూ వెళ్లి తలుపు నెట్టింది. కదల్లేదు. గడియ లేని తలుపు... మరి అవతల పట్టుకున్నదెవరు?

లోపల పిల్ల ఒక్కసారి దగ్గి, ఊరుకుంది.

ఆమె అరుపుకి తాయారమ్మా, భర్త భీమేశ్వరరావూ టార్చితో పరుగెత్తుకొచ్చారు. ఆయన వంగి తలుపు కిందికి వెలుగు వేశాడు.

"చెక్కలు ఉబ్బి అడ్డంపడ్డాయి! పొడిగుడ్డతో తుడిచి మైనం పట్టించే నేల ఇది. దీనిమీద నీళ్లు పోశావా?"

"కడిగానండీ..."

తాయారమ్మ గొంతు తగ్గింది. "దెయ్యముందని దిగినవాళ్లందరూ కడుగుతూనే ఉన్నారు కదండీ..."

ఆయన భుజంతో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. తలుపు చీలి లోపలికి కూలింది.

మంచం ఖాళీ. ఉష కిటికీ కింద ముడుచుకుని పడి ఉంది. లక్ష్మీకుమారి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది — ఊపిరాడుతోంది. బార్లా తెరిచిన కిటికీలోంచి మంచుగాలి కొడుతోంది.

"కిటికీ తీసుంచావు, బతికించావు తల్లీ. లేకపోతే ఆ బొగ్గుల పొగకి..." అన్నాడు భీమేశ్వరరావు.

ఆమె పిల్లను గుండెకదుముకుని తలెత్తింది.

కిటికీ తను మూసింది. ఆ పైగడియ స్టూలెక్కితే గానీ తనకే అందదు...

స్టూలు వంటింట్లో ఉంది.